మెట్లు దిగని ఆవిడ

అత్తయ్యను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పబోయే ముందు చెప్పాలి, చెప్పకుండా చెయ్యి వేస్తే గోళ్లతో రక్కుతుంది. నడుము కింద దుప్పటి ముడత లేకుండా లాగాలి, ముడత పడ్డచోటే పుండు లేస్తుంది. జావ పలచగా కాయాలి. చెంచా నోటికి కుడివైపు పెట్టాలి, ఎడమవైపు పెడితే కారిపోతుంది. మాత్ర పొడి చెయ్యాలి. డైపర్ మార్చేటప్పుడు టీవీ పెట్టాలి, అటు చూస్తూ ఉంటే ఆవిడకి సిగ్గనిపించదు. "నా కొడుకేడీ" అని అడిగితే ఆఫీసుకెళ్లాడని చెప్పాలి. ఊరెళ్లాడంటే ఏడుస్తుంది.

ఇవన్నీ మా తోటికోడలికి ఒప్పజెప్పి విమానం ఎక్కాను. ఆ పిల్ల అంతా విని, "అక్కా, ఇదంతా నువ్వు రోజూ చేస్తున్నావా? ఆఫీసుకెళ్తూనా?" అంది. నేను నవ్వాను. మా ఆయనే పెట్టె జిప్పు లాగుతూ, "మీ అక్కకి అలవాటేనమ్మా, మిషన్లా చేసేస్తుంది" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు.

మా పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేస్తున్నాను. అత్తయ్యకి పక్షవాతం వచ్చిన రోజు ఆస్పత్రి వరండాలో మామయ్య అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నువ్వు చదువుకున్నదానివి తల్లీ, డాక్టరు చెప్పేది నీకే బాగా అర్థమవుతుంది" అన్నారు. నాకంటే పెద్ద చదువు చదివిన ఆయన కొడుకులిద్దరూ పక్కనే నిలబడి తలూపారు. నా చదువుని ఆ ఇంట్లో అంత బాహాటంగా ఒప్పుకోవడం అదే మొదలు. పొంగిపోయాను కూడా. మామయ్య పోయారు. ఆ మాట మాత్రం మిగిలింది.

ఈ ప్రయాణం మా ఆయనకి ఆఫీసువాళ్లిచ్చిన బహుమతి. ఇద్దరికి విదేశం టిక్కెట్లు, ఊరు కూడా వాళ్లే ఎంచారు. "అమ్మ మంచాన పడ్డాక నువ్వు గడప దాటలేదు. పద, తమ్ముడూ మరదలూ చూసుకుంటార్లే" అన్నారు ఆయన. మంచి మనసుతోనే అన్నారు. ఆయన చెడ్డవారైతే నాకీ కథ రాయడం తేలికయ్యేది.

ఊరు అందంగా ఉంది. ఒకప్పుడు శత్రువులు చుట్టుముట్టి, కొండల మీంచి నెలల తరబడి గుండ్లు కురిపించిన ఊరంట అది. గోడల మీద గుండ్లు తగిలిన గుంటల్ని పూడ్చకుండా అలాగే ఉంచారు. వాటి కింద కిటికీల్లో పూలకుండీలు. "అక్కడ నించో, కొంచెం నవ్వు" అంటారు మా ఆయన ఫోనెత్తి. నవ్వబోయేలోపు నా ఫోను మోగుతుంది. అక్కా, మూలుగుతున్నారు. అక్కా, నోట్లో పెట్టింది ఉమ్మేశారు. అక్కా, వీపు ఎర్రగా కనిపిస్తోంది, ఏం రాయమంటావు? కాఫీ తాగుతుంటే, రోడ్డు దాటుతుంటే, అదే. "నాలుగు రోజులకే ఇన్ని ఆపసోపాలా. మరదలు నాజూకు మనిషి" అని మా ఆయన నవ్వారు. ఆయనతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు గొంతు దాటాక గానీ తెలియలేదు, అది ఎవరి మీద నవ్విన నవ్వో. నా పని ఎంతో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు ఆ పిల్ల. ఆమె అలసటని చూసి నేనే నవ్వాను.

ఒక పాత అపార్టుమెంటు కింద నేలమాళిగ ఉంది. గుండ్లు పడేటప్పుడు జనం తలదాచుకున్న గది, ఇప్పుడు మ్యూజియం. మెట్లు దిగితే గోడ పొడవునా బెంచీలు, నీళ్ల బకెట్లు, అక్కడ గడిపినవాళ్ల ఫొటోలు. మా ఆయన ఒక్కో ఫొటో కింద రాసింది చదువుతూ ముందుకెళ్లారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి అర్థమైంది, ఇక్కడ సిగ్నలు లేదని. ఫోను మోగదు. ఎవరూ పిలవరు. భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. ప్రాణభయంతో పిల్లల్ని కావలించుకుని జనం వణికిన చోట నాకు హాయిగా ఉంది. ఛీ అనుకున్నాను. అనుకుంటూనే మర్నాడు మా ఆయన బజారుకెళ్తే ఒక్కదాన్నే మళ్లీ అక్కడికే వెళ్లాను. ఈసారి నిద్ర పట్టేసింది.

భుజం తట్టి లేపింది అక్కడి గైడు, నా వయసావిడే. "ఒంట్లో బాలేదా?" అంది. నాకొచ్చిన ఇంగ్లీషూ ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ ఒకే సైజు, అందుకే అబద్ధం అల్లలేకపోయాను.

"ఇక్కడ ఫోను పనిచెయ్యదు. అందుకే వచ్చాను. తప్పే, క్షమించండి."

ఆవిడకి కోపం రాలేదు. పక్కన కూర్చుంది. "ఎవరు చేస్తారు ఫోను?"

చెప్పాను. మంచం, పుండు, తోటికోడలు, నా నవ్వు, అన్నీ. అంతలో మా ఆయన మెట్లు దిగుతూ వచ్చారు. "ఇక్కడున్నావా? నువ్వెత్తట్లేదని మరదలు నాకు చేస్తోంది. నాకేం తెలుసు చెప్పడానికి?" అని, గైడుని చూసి ఆగారు.

గైడు ఆయన్నీ నన్నూ ఒకసారి చూసి, "మా నాయనమ్మా మంచంలోనే ఉండేది" అని మొదలుపెట్టింది. "మేం ఈ పైనే, మూడో అంతస్తులో. నాయనమ్మని మెట్లు దింపడం కుదరదు. ఎవరో ఒకరు పైన ఉండాలి. అమ్మ ఉంది. నాన్న మమ్మల్ని తీసుకుని కిందికి వచ్చాడు. ఎవరుండాలో వాళ్లు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవాలని ఎవరికీ తోచలేదు. ఒకరోజు గుండు పడి మా అంతస్తు కూలింది."

ఫొటోలవైపు చెయ్యి చూపించింది. "కిందికి వచ్చినవాళ్లే ఈ గోడ మీదున్నారు. నాన్న ఉన్నాడు. తర్వాత చాలా కాలం బతికాడు. మంచివాడే."

మా ఆయన గొంతు తగ్గించి, "గొప్ప త్యాగం మీ అమ్మగారిది" అన్నారు.

"అందరూ అదే అంటారు. కానీ ఆ చివరిరోజు మా అమ్మ మెట్ల మీద నిలబడి నాన్నని తిడుతోంది. 'మీ అమ్మే కదా, ఒక్కరోజు నువ్వుండు' అని. నాన్న నా చెయ్యి పట్టుకుని దిగుతున్నాడు. వెనక్కి చూడలేదు. నేను చూశాను."

బయటికి రాగానే ఫోను మోగింది. అంతకుముందైతే మొదటి రింగుకే ఎత్తేదాన్ని. దాన్ని ఆయన చేతిలో పెట్టాను.

"మీరు మాట్లాడండి. తెలియకపోతే ఆ పిల్లనే అడగండి, చెబుతుంది. ఇంటికెళ్లాక అత్తయ్యని మీరూ చూడాలి, మీ తమ్ముడూ చూడాలి. వంతులేసుకుందాం."

"అమ్మని నేనా? నా వల్ల ఎలా అవుతుంది?"

"మొదట్లో నా వల్లా కాలేదండీ. నేర్చుకున్నాను."

ఆయన నన్ను చూశారు, ఫోను చూశారు. ఎత్తారు. "నేనమ్మా, బావని" అన్నారు. అవతల ఆ పిల్ల ఏడ్చినట్టుంది. ఆయన నడక ఆపి, గోడకానుకుని, చాలాసేపు వింటూ ఉండిపోయారు. మధ్యలో ఒకసారి, "ఎటువైపు తిప్పాలి, మళ్లీ చెప్పు" అన్నారు. ఆ పిల్ల అలసటకి నవ్విన నా తప్పు దాంతో తీరిపోలేదు. ఆ పిల్లకి నేను చెప్పుకోవలసిన క్షమాపణ ఇంకా ఉంది, ఎదురుగా కూర్చునే చెప్పాలి.

మీరెప్పుడైనా అలాంటి ఊరు వెళ్తే, అలాంటి గదిలో ఫొటోలన్నీ చూశాక, పైన ఉండిపోయిన ఆవిణ్ణి కూడా ఒకసారి తలుచుకోండి. త్యాగమూర్తి అని చేతులు జోడించకండి. మెట్ల మీద నిలబడి, దిగిపోతున్న మొగుణ్ణి తిడుతున్న మనిషిగా గుర్తు పెట్టుకోండి.