చెవిని నమ్మిన స్టాప్‌వాచీ

బస్సు డిపో ఆటల పోటీల్లో చెల్లి రికార్డు బద్దలు కొట్టింది. వంద మీటర్లు, పదమూడు పాయింట్ రెండు సెకన్లు! పదిహేనేళ్ళుగా చెక్కుచెదరని రికార్డు పదమూడు పాయింట్ నాలుగు. తోటి కండక్టర్లు ఆమెను భుజాలకెత్తుకున్నారు. డ్రైవర్లు ఆగివున్న బస్సుల్లోకి దూరి హారన్ల మోత మోగించారు.

గమ్యం దగ్గర స్టాప్‌వాచీ పట్టుకున్న ఆమె సొంత అక్క కూడా ఎగిరి గంతేసింది. అక్కది గడియారాల రిపేరు దుకాణం. సెకను తేడా వచ్చినా ఊరుకోని మనిషని డిపో మేనేజరే పిలిపించాడు.

గంతేసి నేల మీద కాలు పెట్టేసరికి ఆమెకు అనుమానం వచ్చింది. తను వాచీ నొక్కింది ఎప్పుడు?

అటు చివర ఒకాయన రెండు చెక్కలు చరిచి పరుగు మొదలుపెట్టిస్తాడు. ఆ చెక్కలు కలవడం కంటితో చూసి నొక్కాలి. కానీ ఆమె చూపంతా చెల్లి మీదే ఉంది. చప్పుడు చెవిన పడ్డాక నొక్కింది. చప్పుడు వంద మీటర్లు దాటి రావాలంటే సెకనులో మూడు పదోవంతులు పడుతుంది. అంటే చెల్లి పరిగెత్తింది పదమూడు పాయింట్ ఐదు!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ మూడు పదోవంతులు ఆమెను ముల్లులా గుచ్చాయి. చెల్లిని కిందికి దింపించి అందరి ముందూ చెప్పేసింది.

"నువ్వసలు నా అక్కవేనా?" చెల్లి నడుం మీద చేతులేసుకుంది.

"అక్కనే. అందుకే నా వాచీ మీద నాకు మరీ అనుమానం."

"ఉత్త మాటలొద్దు. చూపించు!"

చూపించింది. మేనేజరును గమ్యం దగ్గరే చెక్కల వైపు వీపు పెట్టి నిలబెట్టి చెవితో నొక్కమంది. ఆయన పక్కనే చెల్లిని నిలబెట్టి, ఇంకో వాచీ ఇచ్చి కంటితో నొక్కమంది. తను 'ఆపు' అనగానే ఇద్దరూ ఆపాలి. అలా పదిసార్లు. ఒకసారి రెండు పదోవంతులు, ఒకసారి నాలుగు, మిగతా ఎనిమిదిసార్లూ మూడే తేడా. మూడు వచ్చిన ప్రతిసారీ జనం "మూడూ!" అని అరిచి ఈలలు వేశారు. చివరికి చెల్లికి కూడా నవ్వాగలేదు.

పాత రికార్డు నెలకొల్పిన టికెట్ ఇన్‌స్పెక్టర్ పెద్దమ్మ పొంగిపోయింది. "చూశారా! నన్ను కొట్టేవాళ్ళు ఇంకా పుట్టలేదు!"

అక్క ఆమె వైపు తిరిగింది. "పెద్దమ్మా, అప్పుడు వాచీ నొక్కిందెవరు?"

"ఇంకెవరు, మా ఆయనే."

ఆ పెద్దాయన సరిగ్గా అప్పుడే చేతిలో నిమ్మరసం గ్లాసుతో గేటులోంచి వస్తున్నాడు. ఇక్కడ జరిగిందేదీ ఆయనకు తెలియదు.

"ఎవరూ నోరు విప్పకండి," అని అక్క ఎదురెళ్ళింది. "పెదనాన్నా, పెద్దమ్మ రికార్డు రోజున వాచీ ఎలా నొక్కారు?"

"చెవితో!" ఆయన గర్వంగా ఛాతీ విరిచాడు. "అప్పటికే నా రెండు కళ్ళకీ శుక్లాలు. అటు చివర మనుషులే కనబడరు, ఇంక చెక్కలేం కనబడతాయ్? చప్పుడు వినబడగానే టక్కున నొక్కా!"

మైదానం మైదానమంతా గొల్లున నవ్వింది.

"దేవుడా, ఈయన నోరు!" పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

అక్క ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చింది. "ఇప్పుడీ లెక్క మా చెల్లికి లాభించేలా ఉంది. అందుకే నేను వేయను. మీరే వేయండి."

పెద్దమ్మ పక్కనున్న బస్సు మీద రెండు రికార్డులూ రాసింది. రెంటికీ మూడేసి పదోవంతులు కలిపింది. తనది పదమూడు పాయింట్ ఏడు, పిల్లది పదమూడు పాయింట్ ఐదు. మళ్ళీ కూడింది. మారలేదు. కాసేపు గుర్రుగా చూసి, ఒక్కసారిగా పగలబడి నవ్వుతూ చెల్లిని వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

"గెలిచావే దొంగపిల్లా! సెకనులో రెండు పదోవంతులు, నా చేత్తో నేనే రాశాను!"

హారన్లు మళ్ళీ మోగాయి. "ఇంతకీ నేనేమన్నానని?" అని పెద్దాయన దొరికినవాళ్ళనల్లా అడుగుతున్నాడు. చెప్పబోయిన ప్రతివాళ్ళూ మధ్యలోనే నవ్వేస్తున్నారు. అక్క అయితే నిలబడలేక, పొట్ట పట్టుకుని గడ్డిలో చతికిలబడింది.