సర్కిల్లో జూరకాన్ అవ్వ

కనుమ దిగి వచ్చే రోడ్డు మా సారీకెచూ ఊరి మొదట్లో మూడుగా చీలుతుంది. ఒకటి ఊళ్లోకి, ఒకటి రాజధాని బిష్కెక్ వైపు, మూడోది మూతబడ్డ గని వైపు. ఆ గని రోడ్డు కాస్త దూరం పోయి లోయ అంచున ఆగిపోతుంది.

చాలా ఏళ్ల కిందట ఒక చలికాలం పట్టపగలే మంచు తుఫాను కమ్మి, ఏ రోడ్డు ఎటో తెలియకుండా పోయింది. ముందొచ్చిన లారీ ఒకటి గని రోడ్డు పట్టి లోయలో పడింది. ఆ చప్పుడు విని, రోడ్డు పక్క మొదటి ఇంట్లో ఉండే జూరకాన్ అవ్వ బయటికొచ్చింది. ఇంట్లోంచి ఎర్ర బొంత ఒకటి లాక్కొచ్చి, గని రోడ్డుకి అడ్డంగా నిలబడి, తుఫాను తగ్గేదాకా దాన్ని ఊపుతూనే ఉంది. వెనకొచ్చిన లారీలు, ఒక పెళ్లివారి బస్సు, అన్నీ ఊళ్లోకి మళ్లాయి. ఆమె కుడిచేతి వేళ్లు రెండు మంచుకి చచ్చుబడిపోతే ఆస్పత్రిలో తీసేశారు.

కిందటేడు ఆ చోట రోడ్డు వెడల్పు చేసి గుండ్రంగా సర్కిల్ కట్టారు. నడుమ ఆవిడ విగ్రహం పెట్టాలని ఊరంతా అడిగింది. మేయర్ తెంతిమిష్ సరేనని ఆ పని మా అక్క సైరగుల్‌కి అప్పజెప్పాడు. అక్క శిల్పి. ఆమె బొమ్మలకి లోపలి ఇనప చట్రాలు వెల్డింగ్ చేసేది నేను. అప్పటిదాకా ఆమె చేసినవన్నీ సమాధుల మీద పెట్టే ముఖాలే. బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం అదే మొదలు.

"ఏమే, నేనింకా చావలేదే! అప్పుడే సమాధి బొమ్మా?" అంది అవ్వ మా పని షెడ్డులో అడుగు పెడుతూనే.

"సమాధికి కాదవ్వా, సర్కిల్‌కి."

"నడిరోడ్డు మీదా? గొర్రెలన్నీ వచ్చి నన్ను ఒరుసుకుంటాయి కదే."

"మనిషెత్తు దిమ్మ మీద పెడతాం. అందవులే."

"అయితే ఆ ముక్కు కాస్త తగ్గించు. మా ఆయన బతికినన్నాళ్లూ దీన్నే ఆడిపోసుకున్నాడు."

అవ్వ కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీసేది. అక్క లేపేది కాదు. నిద్రలో ఆ ముఖం వదులయ్యేది. అక్క చుట్టూ తిరిగి చూస్తూ మట్టి అద్దేది. బొంతని రెండు చేతులా పైకెత్తి, గాలికి ఎదురొడ్డి నిలబడ్డ మనిషి నిలువెత్తున తయారైంది. లేని వేళ్లు లేనట్టే ఉన్నాయి. అంత ఆనందంగా అక్క పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు.

మేయర్ ట్రాఫిక్ అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అధికారి బొమ్మ చుట్టూ తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"ఈ బొంత అడ్డమమ్మా. ఎత్తులో కూర్చునే లారీ డ్రైవర్లకి అవతలి నుంచొచ్చే బండి కనబడదు. పైగా చేతులెత్తి నిలబడితే కొత్త డ్రైవర్ ఎవడో లిఫ్ట్ అడుగుతున్నారనుకుని బ్రేకు వేస్తాడు. వెనకాల వచ్చేవాడు వాడి నెత్తినెక్కుతాడు."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. కానీ అతను చెప్పింది కాదనడానికి లేదు. అక్క చేతులు కిందికి దించింది. బొంత భుజాల మీది శాలువా అయింది. నేను చట్రం కోసి మళ్లీ అతికాను.

తర్వాత మేయర్ ఒక్కడే వచ్చాడు.

"అక్కయ్యా, ఒక్క చిన్న మార్పు."

"మీరు చిన్నదంటే నాకు భయం. చెప్పండి."

"బిష్కెక్‌లో ఉన్న మా అన్నయ్య కంచు మొత్తం తనే ఇస్తానన్నాడు. ఆయనకి ఒక్కటే కోరిక. ముఖం మా అమ్మది ఉండాలి."

అక్క చేతుల మట్టి తుడుచుకుంది. "మీ అమ్మగారు ఆ రోజు రోడ్డు మీద లేరు కదండీ," అంది.

"ఇది ఒక్క మనిషి బొమ్మ కాదు కదా. తల్లులందరికీ గుర్తుగా అని కింద రాయిస్తాం."

"తల్లులందరిదీ అయితే జూరకాన్ అవ్వ ముఖం ఉంటే ఏం పోయింది?"

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "మీకు బలవంతం లేదు. ఈ మట్టి బొమ్మ మున్సిపాలిటీదే కాబట్టి తీసుకుపోయి, తల మటుకు అక్కడ అన్నయ్యకి తెలిసినవాళ్లతో చేయిస్తాం," అని మెల్లగా చెప్పి, అమ్మ ఫోటో బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

అక్క ఊరి పెద్దల గడపలన్నీ తొక్కింది. అందరూ టీ ఇచ్చారు, రొట్టె తుంచి పెట్టారు, నీ మాట న్యాయమే అన్నారు. ఆ తర్వాత అందరూ ఒకటే అడిగారు: మరి కంచు ఎవరిస్తారమ్మా అని.

"వదిలెయ్ అక్కా," అన్నాను. "చేస్తే వాళ్లనే చేసుకోనీ."

"ఎవడో చేతకానివాడు మిగతాది కూడా పాడుచేస్తాడు రా. ముఖం పోతే పోయింది. ఆ చేతులు, ఆ నిలబడే తీరు, అవైనా అవ్వవే ఉంటాయి."

ముఖం చెక్కేసే రోజు నన్ను బయటికి పొమ్మంది. తర్వాత లోపలికి వెళ్లేసరికి నేల మీద మట్టి ముద్ద ఉంది, బొమ్మకి ఇంకెవరిదో చక్కని ముఖం ఉంది. అక్క చేతులు కడుక్కుంటోంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది. పోత పోయడానికి తీసుకుపోయే ముందు మేయర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: వేళ్లు లేకపోతే చూసేవాళ్లు విరిగిపోయిందనుకుంటారు, సరిచేయండి అని. ఆ రెండు వేళ్లు కూడా అక్కే చేసి అతికించింది.

అవ్వకి చెప్పాలని ఇద్దరం వాళ్లింటికెళ్లాం. ఆవిడ చలికాలంలో తినడానికి పెరుగు గడ్డలు ఎండబెడుతోంది. మమ్మల్ని చూడగానే లోపలికి పోయి కొత్త తలగుడ్డ తెచ్చి చూపించింది.

"ఆ రోజు కట్టుకుంటా. ఓష్ పట్నం నుంచి కూతురు కూడా వస్తోంది. దీని రంగు మరీ పిల్లలది కాదు కదే?"

"బాగుందవ్వా," అంది అక్క.

ముఖం మార్చిన సంగతి ఎత్తకుండానే టీ తాగి వచ్చేశాం. దారిలో అక్క, "నువ్వు చెప్తావనుకున్నాను," అంది. నేను ఆమె చెబుతుందనుకున్నాను.

ప్రారంభోత్సవానికి ఊరంతా వచ్చింది. బడిపిల్లలు పాట పాడారు. అవ్వని ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, పక్కన కూతురు. అక్క జనం వెనక నిలబడింది, నేను అవ్వ కుర్చీ దగ్గర. మేయర్ తాడు లాగితే గుడ్డ జారింది. చప్పట్లు మొదలై, ముందు వరసల్లో సన్నగిల్లి, వెనక వాళ్లు ఏం జరిగిందో తెలియక కొడుతుంటే ఎలాగో కొనసాగాయి.

అవ్వ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇది బుర్మాబూబూ కదరా? మేయర్ వాళ్ల అమ్మ?" అంది.

నేను తలూపాను.

"పాపం, మంచిది. మంచు పడితే గుమ్మం దాటేది కాదు. చలికి వణికిపోయేది." మళ్లీ బొమ్మకేసి చూసి, "అచ్చు అలాగే ఉంది. మీ అక్క చేతిలో పనితనం ఉంది," అంది.

కూతురు లేచి మేయర్ వైపు నడవబోతే అవ్వ ఆమె కోటు పట్టి ఆపింది. "కూర్చోవే. పిల్లలింకా పాడుతున్నారు."

చలికాలం ముందు అక్క బంకమట్టి బకెట్‌లో వేసుకుని అవ్వ దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. చిన్నదైనా సరే, ఇంట్లో పెట్టుకోడానికి ఆవిడ బొమ్మ చేస్తానంది. ఈసారి ఎవరి కంచూ వద్దు, కాల్చిన మట్టితోనే చేస్తానంది.

"కూర్చోలేనే తల్లీ. నడుం పట్టేస్తోంది," అంది అవ్వ.

"పడుకునే ఉండవ్వా. చూస్తూ చేస్తాను."

"వద్దే." అవ్వ కోపంగా అనలేదు. "అప్పుడు సరదాగా ఉండింది. ఇప్పుడు నువ్వట్లా తేరిపార చూస్తుంటే సిగ్గేస్తోంది. నా ముఖంలో చూడ్డానికి ఏముందని అనిపిస్తోంది."

అక్క నేల మీద కూర్చుని ఆవిడ మోకాలి మీద తల పెట్టింది. అవ్వ వెన్ను నిమిరింది. ఓదార్చాల్సింది ఎవరో, ఓదారాల్సింది ఎవరో నాకు అర్థం కాలేదు. బకెట్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.