మేవిస్ పాదాలు, కౌన్సిల్ ఉప్పు

మంచు పడిన రోజు మేవిస్ ఆక్రాయిడ్ పొద్దున్నే చేసే పని ఒకటే. పొయ్యి మీద టీకి నీళ్ళు పడేసి, పోయిన మొగుడి ఉన్నికోటు భుజాన వేసుకుని, ఉత్త కాళ్ళతో వీధిలోకి దిగుతుంది. ఆ ఇంట్లో మేజోళ్ళన్నవి ఎప్పుడూ లేవు. క్రో బ్యాంక్ వీధి కొండకి నిచ్చెన ఆనించినట్టు నిటారుగా ఉంటుంది. పైన ఆఖరి ఇంటి దాకా ఎక్కి, కింద పెద్దరోడ్డు మలుపు దాకా దిగి, మళ్ళీ ఎక్కి ఇంటికొస్తుంది. ఆవిడ అడుగు పడ్డ చోట మంచు సుయ్యిమంటుంది. అడుగు చుట్టూ చాపంత మేర కరిగి, కింద పరిచిన నల్లరాయి తడితడిగా బయటపడుతుంది. నీళ్ళు మరిగేసరికి వీధి వీధంతా ఆవిర్లు కక్కుతూ ఉంటుంది.

వీధిలో వాళ్ళు దీనికి ఏనాడూ నోళ్ళు వెళ్ళబెట్టలేదు. పాలవాడు వచ్చినట్టే మేవిస్ వచ్చింది, వెళ్ళింది, అంతే. పైగా వంకలు కూడానూ. ఎదురింటి క్లిఫర్డ్ కిటికీ తీసి, "ఎడమ పక్క కాస్త వదిలేశావు మేవిస్!" అని కేకేసేవాడు.

"వదిలేస్తే నువ్వొచ్చి నాలికతో నాకు, ముసలి పీనుగా!" అనేది ఆవిడ. కానీ వెనక్కి వెళ్ళి ఎడమ పక్క కూడా తొక్కేది.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. తను ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకునేదాకా ఎవరూ తన వెనకాలే రాకూడదు, వేడి చల్లారని అడుగులో అడుగు వేయకూడదు. ఎందుకో వీధిలో పెద్దవాళ్ళకి తెలుసు. ఒకప్పుడు ఈ పాదాలు మేవిస్ తల్లివి. ఓ చలికాలం బడికి వెళ్తూ చిన్నారి మేవిస్ బూట్లు చేత పట్టుకుని తల్లి అడుగుల్లోనే గెంతుకుంటూ వెళ్ళింది. ఆ సాయంత్రం తల్లి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మేజోళ్ళు అడిగింది. పిల్ల పక్కబట్టలు తన్నేసి, కాళ్ళు మండుతున్నాయని ఏడ్చింది. "ఇది వరం అనుకునేరు. ఒట్టి చాకిరీ," అనేది మేవిస్. "నా చాకిరీ ఇంకొకళ్ళ నెత్తిన పెట్టే రకాన్ని కాను."

ఆ ఏడు చలికాలం మొదలవుతూనే ఆవిడ తుంటి పట్టేసింది. కొండ ఎక్కాలంటే గోడ పట్టుకోవాలి, దిగాలంటే దేవుణ్ణి పట్టుకోవాలి. తన గురించి ఆవిడకి దిగులు లేదు. దిగులల్లా క్లిఫర్డ్ గురించి. మూత్రపిండాలు మూలపడి, అతను వారానికి మూడుసార్లు లోయలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఆసుపత్రి కారు వీధిలోకి ఎక్కగలిగితేనే వస్తుంది. కారు ఎక్కలేని ఇళ్ళ వాళ్ళని చలికాలం అంతా లోయలో వృద్ధుల ఆశ్రమానికి మార్చేస్తామని అప్పటికే ఒకసారి చెప్పారు. ఆ మాట విన్న రోజు క్లిఫర్డ్ టీ ముట్టలేదు. పెరట్లో పావురాల గూడు దగ్గర చీకటి పడేదాకా కూర్చున్నాడు. "అక్కడికి వెళ్తే నేను తిరిగి రాను మేవిస్. నాకు తెలుసు," అన్నాడు.

అందుకని మేవిస్ బస్సెక్కి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళింది. రోడ్ల అధికారి ట్రెవర్ లమ్ మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, బిస్కెట్లు పెట్టాడు, గోడ మీద పటం చూపించాడు.

"ఎర్రగీతలు ముందు, మిసెస్ ఆక్రాయిడ్. ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, బస్సులు తిరిగే రోడ్లు. మంచు గడ్డకట్టకుండా, అది పడకముందే వాటి మీద ఉప్పు పడాలి. తర్వాత నీలం. బడులు ఉన్న వీధులు, నిటారు వీధులు. ఏ రంగూ లేనివి ఉప్పు మిగిలితే, లారీకి తీరికుంటే. ఎక్కడో అక్కడ గీత గీయాలి కదండీ."

"అది నాకూ తెలుసు నాయనా. ఆసుపత్రి తర్వాతే నేను. కానీ మాది నిటారు వీధేగా? నీలం ఏదీ?"

లమ్ గొంతు సవరించుకున్నాడు. పటం మీద క్రో బ్యాంక్‌కి ఆకుపచ్చ గీత ఉంది. ఊరు మొత్తానికి ఆకుపచ్చది అదొక్కటే. పక్కన చిన్న అక్షరాలతో ఆవిడ పేరు.

"మీ వీధి నుంచి ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదు లేదు. చూడ్డానికి వచ్చినప్పుడల్లా మంచూ లేదు. అందుకని లారీని తప్పించాం. వీధి వాళ్ళు చల్లుకోవడానికి మలుపులో పెట్టిన పసుపురంగు ఉప్పుపెట్టె కూడా ఎవరూ వాడట్లేదని తీసేశాం. మా ఏర్పాట్లన్నిట్లో నమ్మకమైనది మీరే."

"అంటే నన్ను లారీల్లో కలిపేశారా?"

"అలా అనకండి..."

"లారీకి డీజిల్ పోస్తారుగా. నాకేం పోశారు?"

లమ్ లేచి బీరువా తీసి నారింజరంగు చొక్కా, ప్లాస్టిక్ పార పట్టుకొచ్చాడు. చొక్కా వీపు మీద 'మంచు వార్డెన్' అని రాసుంది. వీధికో స్వచ్ఛంద సేవకుణ్ణి పెట్టే పథకమట.

"నాకు తుంటి పట్టేసింది బాబూ. రేపు లేస్తానో లేదో. అప్పుడెలా?"

"అప్పుడు పునఃపరిశీలిస్తాం."

"నేను చచ్చాకా?"

"విధానం అలా ఉందండీ," అన్నాడు లమ్, నిజంగానే బాధగా.

మేవిస్‌కి ఒళ్ళు మండిపోయింది. కాళ్ళ కింద తివాచీ కమురు వాసన వేసింది. "ఆ చొక్కా నీ లారీకి తొడుగు," అని లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం క్లిఫర్డ్ వంటింట్లో చెప్పేసింది. "ఇక నడవను. నడిచినన్నాళ్ళూ మనకి లారీ రాదు. నేను మంచాన పడ్డ రోజు నువ్వు ఆశ్రమానికే. కానీ నేను మానేస్తే ముందు దెబ్బ తగిలేదీ నీకే. వద్దంటే చెప్పు, ఇప్పుడే మానేస్తాను ఈ గొడవ."

క్లిఫర్డ్ రొట్టెకి వెన్న రాయడం ఆపలేదు. "కాళ్ళు పైన పెట్టుకుని కూర్చో."

"నీకేమన్నా అయితే?"

"శవాన్ని దింపడానికైనా లారీ పంపుతారుగా."

"ఛీ, ఆ నోరు!" అంది మేవిస్. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంగా తుడుచుకుంది.

మంచు పడింది. మామూలుగా కాదు, గడపలు మునిగేదాకా. మేవిస్ ముక్కాలిపీట మీద కాళ్ళు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. నేల మీద పెడితే గుమ్మం ముందు మంచు కరుగుతుందని భయం. అరికాళ్ళు ఒకటే దురద. పక్కింటి టాక్సీ డ్రైవర్ షఫీక్, ఇంకో ఇద్దరు కలిసి అటక మీది చెక్కబండి దించారు. మంచు మీద జారే బండి, ఎప్పటిదో. దానిమీద క్లిఫర్డ్‌ని దుప్పట్లతో చుట్టి, ముందు తాడు వెనక తాడు పట్టి, మెల్లగా కిందికి వదిలారు. కింద ఆసుపత్రి కారు ఆగి ఉంది. మేవిస్ కిటికీ ముందు నుంచి పోతూ క్లిఫర్డ్ టోపీ తీసి పెళ్ళికొడుకులా వంగాడు. ఆవిడకి నవ్వొచ్చింది, గుండె జారింది, రెండూ ఒక్కసారే.

దింపడం తేలికే. ఎక్కించడం ఎలాగో ఎవరూ అనుకోలేదు.

మధ్యాహ్నానికి లమ్ ఊడిపడ్డాడు. ఆకుపచ్చ వీధిలో మంచేమిటని ఆఫీసులో గగ్గోలట. కారు కింద వదిలి, మెరిసే బూట్లతో ఎక్కడం మొదలెట్టాడు. సగం దూరంలో కాళ్ళు తేలిపోయాయి. వీధిదీపం స్తంభాన్ని కావలించుకుని ఆగాడు. ఇక పైకి లేదు, కిందికి లేదు. జనం గుమ్మాల్లోకి వచ్చారు, టీ కప్పులతో.

"మిసెస్ ఆక్రాయిడ్! ఒక్కసారి కాళ్ళు కింద పెట్టండి!"

మేవిస్ కిటికీ తీసింది. "లారీకి ఫోన్ చెయ్యి బాబూ."

స్తంభం వదల్లేక, ఒక చేత్తోనే ఫోన్ లౌడ్‌స్పీకర్‌లో పెట్టి చేశాడు. ఆఫీసు పిల్ల గొంతు వీధంతా వినబడింది. "క్రో బ్యాంకా? అది ఆకుపచ్చ వీధి కదండీ, లారీ రాదు. అక్కడ మేవిస్ ఆక్రాయిడ్ అని ఒకావిడ ఉంటారు. ఆవిణ్ణి అడగండి."

షఫీక్ చేతిలో టీ ఒలికిపోయింది. వీధి వీధంతా విరగబడి నవ్వింది. లమ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ నవ్వు ఆగకముందే కింద ఆసుపత్రి కారు హారన్ వినబడింది. క్లిఫర్డ్‌ని దింపేసి వెళ్ళిపోతోంది, ఇంకో రోగి కోసం. అతను మలుపులో గోడకి ఆనుకుని నిలబడ్డాడు, సున్నం కొట్టినట్టు తెల్లబడి. డయాలసిస్ అయ్యాక అతనికి ఒంట్లో సత్తువ ఉండదు. షఫీక్ చెక్కబండి పట్టుకుని పరిగెత్తబోయి నాలుగడుగుల్లోనే చతికిలబడ్డాడు. క్లిఫర్డ్ మెల్లగా గోడ వెంట జారుతున్నాడు.

మేవిస్ లేచింది. గుమ్మం దిగింది. సుయ్యిమంది మంచు.

"అయిపోయింది, ఓడిపోయింది," అన్నారెవరో జాలిగా.

ఆవిడ వినిపించుకోలేదు. తుంటి పట్టుకుని స్తంభం దాకా దిగి ఆగింది. వీధి మధ్యలో నుంచి కాదు, గోడ పక్కనుంచి, ఒక్క మనిషి పట్టేంత దారిలో.

"నీకు నడుం గట్టిదేనా?" అని లమ్‌ని అడిగింది.

"గట్టిదే."

"అయితే ఆ ముసలాణ్ణి వీపున వేసుకుని నువ్వే తేవాలి. ఆ బూట్లు విప్పు. మేజోళ్ళు కూడా. నా వెనకాలే రా. నా అడుగులోనే అడుగు వెయ్యి, పక్కకి వేశావో పడతావు."

షఫీక్ నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. గుమ్మాల్లో ఉన్నవాళ్ళెవరూ కిక్కురుమనలేదు.

లమ్ బూట్లు విప్పాడు. మర్యాదస్తుడని చెప్పానుగా, పిరికివాడు కూడా కాదు. కిందిదాకా దిగాడు, క్లిఫర్డ్‌ని వీపున వేసుకున్నాడు, రొప్పుతూ ఎక్కాడు. ముందు మేవిస్, ఆవిర్లు చిమ్మే అడుగులు. వెనక అతని తెల్లటి పాదాలు, ఒక్కటీ తప్పకుండా. పైకి వచ్చేసరికి మేవిస్ అడుగుల కింద మంచు సగమే కరుగుతోంది. క్లిఫర్డ్ గుమ్మం ముందు ఆఖరి అడుగు దగ్గర అసలు కరగనే లేదు.

మంట ముందు క్లిఫర్డ్‌కి ప్రాణం లేచొచ్చింది. లమ్ టీ తాగి, అరికాళ్ళు చూసుకుంటూ, "ఇక్కడ బాగా వేడిగా ఉందండీ," అని వెళ్ళిపోయాడు. బూట్లు చేత్తో పట్టుకునే వెళ్ళాడు.

"క్లిఫర్డ్," అంది మేవిస్. "ఒక జత మేజోళ్ళు ఇస్తావా?"

అతను ఆవిడ కాళ్ళకేసి చూశాడు. "తెలిసే చేశావా?"

"మా అమ్మ తెలియక చేసింది. నేను తెలిసే చేశాను."

"ఇంకొకళ్ళ నెత్తిన పెట్టనన్నావు."

"అన్నాను. అయితే పటం మీద రంగు గీతలు గీసే పెన్సిలు ఉన్న నెత్తి అదొక్కటే. చలేస్తోంది, ముందు మేజోళ్ళు తే."

తర్వాత సంగతులు షఫీక్ టాక్సీలో మోసుకొచ్చాడు. లమ్ ఉండేది లోయకి అవతల, ఏ రంగూ లేని సందులో. పాల సీసా కోసం ఉత్త కాళ్ళతో గేటు దాకా వెళ్ళాడట, గేటు దాకా దారి తేలిందట. ఇరుగుపొరుగు చూశారు. మర్నాడే తలుపు తట్టారు, మా వాకిలి కూడా కాస్త తొక్కిపెట్టమని. మర్యాదస్తుడు కదా, కాదనలేకపోయాడు. వారం తిరక్కుండా పొద్దున్నే కిటికీల్లోంచి కేకలు, "ఎడమ పక్క వదిలేశారు ట్రెవర్!" అని. అంతవరకూ ఓర్చుకున్నాడట. ఆఫీసు పిల్ల ఆకుపచ్చ పెన్సిలు పట్టుకుని, "సార్, మీ సందు పక్కన మీ పేరు రాసెయ్యనా?" అని అడిగిన రోజు మాత్రం, ఆ పెన్సిలు లాక్కుని రెండు ముక్కలు చేశాడట. పటం మొత్తం మళ్ళీ గీయించాడు. మనిషి పేరు రాసిన వీధి ఇప్పుడు ఊళ్ళో ఒక్కటీ లేదు.

మళ్ళీ మంచు పడిన పొద్దున మేవిస్ పక్క మీదే ఉంది, క్లిఫర్డ్ బూడిదరంగు మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కుని. మలుపులో పసుపు ఉప్పుపెట్టె తిరిగొచ్చి కూర్చుంది. కింద గేర్లు మారిన చప్పుడు, ఇంజిను మూలుగు. లారీ కొండెక్కుతోంది. తలుపుల మీద ఉప్పు పటపటా రాలింది. ఎదురింట్లో క్లిఫర్డ్ ఆసుపత్రికి టోపీ పెట్టుకుని తయారు.

మేవిస్ దుప్పటి కప్పుకునే కిటికీ దగ్గరికి వెళ్ళి రెక్క తోసింది.

"ఏయ్ అబ్బాయ్! ఎడమ పక్క వదిలేశావు!"

లారీ ఆగింది. డ్రైవర్ పైకి చూశాడు, మేజోళ్ళేసుకున్న ముసలావిణ్ణి. ఏమనుకున్నాడో ఏమో, గొణుక్కుంటూ కిందిదాకా వెనక్కి దిగాడు. ఎడమ పక్క చల్లుకుంటూ మళ్ళీ ఎక్కాడు.