మూత బిగువుగానే ఉంది

నేను ఒక గాజు తొట్టిని. ఆ ఆదివారం పొద్దున్న కౌముది వంగి చూసేసరికి నాలో నీళ్లున్నాయి, నాచుంది, రాళ్లున్నాయి, ఉండాల్సిన ప్రాణి మాత్రం లేదు.

"అమ్మమ్మా! మిరప కనిపించట్లేదే!"

మిరప అంటే కౌముది పెంచుకుంటున్న న్యూట్. చూడ్డానికి బల్లిలా ఉంటుంది గానీ బల్లి కాదు, కప్పకు చుట్టం. నల్లటి వీపు, ఎర్రటి పొట్ట. చర్మం ఆరిపోతే చచ్చిపోతుంది. బయట కాకినాడ ఎండ, లోపల గిర్రున తిరిగే ఫ్యాను. అదెంతసేపు బతుకుతుంది?

నేరం నా మీదే పడింది.

"పాత తొట్టి కదా, మూత వదులై ఉంటుంది. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యి," అన్నారు కౌముది నాన్న సోమసుందరం గారు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. ఊళ్లో మూఢనమ్మకాల మీద ఎక్కడ సభ జరిగినా మైకు ఆయనదే. ఆధారం లేనిదే ఏదీ నమ్మకూడదని అందరికీ చెప్పే మనిషి, నన్ను మాత్రం ఒక్క ఆధారమైనా లేకుండా దోషిని చేసేశారు!

నా మూత వదులా? నన్ను అతికించినవాడు నిండా నీళ్లు పోసి, ఒక్క చుక్క కారలేదని చూసుకున్నాకే గడప దాటించాడు. మొదట ఓ పళ్ల డాక్టరు కొన్నాడు. నొప్పితో వచ్చినవాళ్లు చేపల్ని చూసి నొప్పి మరిచిపోవాలట. వాళ్ల ముఖాలు చూసి చేపలే తిండి మానేశాయి. ఆ తర్వాత ఓ మిఠాయి కొట్టువాడు నాలో జంతికలు పోశాడు. నీళ్ల కోసం పుట్టినదాన్ని నూనె కంపు కొడుతూ బతికాను. అప్పుడైనా నోరెత్తానా?

కౌముదికి నేను మొదటి తొట్టిని. ఇంటర్ చదివే పిల్లకున్న బుద్ధి నేను చూసిన పెద్దల్లో ఒక్కరికీ లేదు. కుళాయి నీళ్లలో బ్లీచింగ్ వాసన పోయేదాకా ఆగింది. ఇసుక ఏటవాలుగా పరిచి, ఎక్కి కూర్చోవడానికి చదునైన రాయి పెట్టింది. నీళ్లు కుదురుకునేదాకా వారాల తరబడి నాలో ఏ ప్రాణినీ వెయ్యకుండా ఉంచి, ఆ తర్వాతే మిరపను తెచ్చింది. ఎండ ముదిరితే ఐసు సీసా తేలేసేది. అలాంటి పిల్ల పెట్టిన మూత ఊడుతుందా!

ఇల్లంతా వెతికారు. అమ్మమ్మ రత్నమాణిక్యం గారు బియ్యం డబ్బా వెనక కూడా చెయ్యి పెట్టి చూశారు.

"పిల్లి గానీ పట్టుకుపోయిందేమోనే! అల్లుడుగారూ, మీరూ కాస్త నడుం వంచి వెతకండి బాబూ. ఉపన్యాసాలు తర్వాత ఇద్దురు గాని."

సోమసుందరం గారు కదల్లేదు. కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పేపరు తలకిందులుగా ఉంది. ఆ సంగతే కాదు, అసలు సంగతి కూడా నాకు తెలుసు, చెప్పడానికి నోరే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

కౌముది నా పక్కనే కూలబడింది. రెండు చేతులతో నా మూత అంచు తడిమింది.

"ఇది గట్టిగానే ఉంది నాన్నా. నేనే సరిగ్గా వెయ్యలేదేమో. నా వల్లే చచ్చిపోయింది. ఇంకెప్పుడూ ఏ ప్రాణినీ పెంచను."

ఆ పిల్ల నాలోని నీళ్లు పారబొయ్యడానికి చెంబు ముంచింది. పేపరు కిందపడింది.

"ఆగమ్మా, ఏడవకు. తప్పు నీదీ కాదు, ఆ తొట్టిదీ కాదు. నేనే మూత తీశాను. పొద్దున్నే లేచి చూస్తే మిరప ఎక్కడా కనిపించట్లేదని మూత పైకెత్తి, తల లోపలికి పెట్టి చూశాను. అది మూతకే అతుక్కుని ఉంది కాబోలు, నడినెత్తిన పడింది. బల్లి కాదని తెలుసే! తెలిసినా చెయ్యి ఆగితేనా? బాత్రూంలో నీళ్ల బకెట్లో వేసి పళ్లెం మూశాను. తలమీంచి నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాను. దేవుడి దగ్గర దీపం పెట్టాను. మీ అమ్మమ్మ కంచి వెళ్లి బంగారు బల్లిని ముట్టుకొచ్చింది కదాని, కాఫీ గ్లాసు అందుకునే వంకతో ఆవిడ చెయ్యి కూడా తాకాను. వెళ్లి తెచ్చుకో, నిక్షేపంలా ఈదుతోంది. నా గతేమిటో చూసుకోవాలి గానీ... సాయంత్రం సభలో నేను మాట్లాడాల్సింది బల్లి శాస్త్రం మీదేనే తల్లీ!"