వుక్సన్ మోసిన రాయి

చల్లూట నీళ్ళు ఏ ఊరివో తేల్చడానికి కోష్తాన్ ఊరివాళ్ళు వుక్సన్ తాత చేత ప్రమాణపు రాయి మోయించి గట్టు నడిపిస్తామన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. వుక్సన్ కోష్తాన్ మనిషి. ఆయన మనవడు జొవాలిన్ ఆ నీళ్ళ కోసం వచ్చిన గొట్టాల కంపెనీకి కుడిభుజం. ఆ రాయి ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి సోదమ్మ రావాలా?

"మనిషీ వాళ్ళవాడే, ప్రమాణమూ వాళ్ళదే. మనం దేనికత్తా, చప్పట్లు కొట్టడానికా?" అని మా అత్త మ్రీకను నిలదీశాను.

అత్త ఊలు మేజోడు అల్లుతూనే ఉంది. నడిచేటప్పుడు కూడా ఆవిడ చేతిలో సూదులు ఆగవు.

"రాయి భుజాన పెట్టుకుని అబద్ధమాడినవాణ్ణి నువ్వు చూశావుటే దిలా?"

"రాయి మోసినవాణ్ణే చూళ్ళేదు నేను."

"అయితే నోరు మూసుకుని చూడు."

నేను పుట్టింది పక్క లోయలో. అక్కడి ఏటిని ఇలాంటి కంపెనీయే గొట్టంలోకి ఎక్కించి కరెంటు కోసం కిందికి పట్టుకుపోయింది. ఇప్పుడు మా పుట్టింటి వంతెన కింద ఉన్నవి తెల్లటి రాళ్ళే. మా అన్న వాటి మీద కారు నిలుపుకుంటాడు. చేపలు పోయాయి, పిండిమర పోయింది, వెనకే మేకలూ పోయాయి. చల్లూటకు కూడా అదే గతి పడితే బ్రెగాజ్‌లో మేముండి చేసేదేమీ లేదు. అందుకే నా మంట.

చల్లూట మా బ్రెగాజ్‌కీ కోష్తాన్‌కీ మధ్య, దేశపు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంది. ముత్తాతల కాలంలో ఎక్కడో కూర్చున్న దొరలు పటం మీద గీత గీసి మా వేసవి బీళ్ళలో సగం పక్క దేశం మాంటెనెగ్రోకి రాసిచ్చారు. తరువాత కమ్యూనిస్టు పార్టీ ప్రభుత్వం సరిహద్దున ముళ్ళకంచె వేసింది. దాని దరిదాపులకు పోతే తుపాకీ పేలేది. సైనికులు పొలిమేర రాళ్ళు పెకలించి బంకర్ల పునాదుల్లో వేసుకున్నారు. చివరికి కంచె పోయింది, దాని గుంజల మీద ఇప్పుడు నా చిక్కుడు తీగలు పాకుతున్నాయి. కానీ ఊళ్ళ మధ్య గట్టు ఎక్కడో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే కన్నుమూశారు. కంచె రాకముందు తండ్రి వెంట ఆ గట్టు నడిచినవాడు వుక్సన్ తాత ఒక్కడే మిగిలాడు.

కోష్తాన్ ఊరిపెద్ద ఆ కంపెనీకి ఎప్పుడో మాటిచ్చేశాడు. ఊట వాళ్ళదని తేలడమే తరువాయి. రెండు ఊళ్ళూ ఒప్పుకున్న గీతే రాసుకుంటానని గట్టు కొలవడానికి వచ్చిన సర్వేయరు అన్నాడు. అవతలివాళ్ళు రాయి మాట ఎత్తాక వద్దంటే మేమిక ఈ కొండల్లో తలెత్తుకు తిరగలేం. ఒప్పుకున్నాం.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక అందరం బీడు మొదట్లో చేరాం. వుక్సన్ తాత తెల్ల ఉన్ని టోపీ, పాదం మూసే పాత తోలు చెప్పులు వేసుకుని వచ్చాడు. ఆ చెప్పులు మనవడే తొడిగాడట. కోష్తాన్ పెద్ద ఆయన భుజం మీద రాయి పెట్టి, దాని మీద గడ్డితో సహా పెళ్ళగించిన మట్టిగడ్డ ఉంచాడు. రాయి భుజానికెక్కాక మోసేవాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు, దారి చెప్పకూడదు.

తాత నాలుగడుగులు వేసి ఆగాడు. కాలు విదిల్చాడు. చెప్పు ఊడి, అందులోంచి నల్లమట్టి రాలింది.

మా బీడు మన్ను సున్నంలా తెల్లగా ఉంటుంది. నల్లమట్టి కోష్తాన్ పెరళ్ళలోనే ఉంది. అక్కడున్న ముసలమ్మలంతా ఒక్కసారిగా గొంతెత్తారు. సొంత పెరటి మన్ను చెప్పుల్లో పోసుకుని, "నా కాలి కింద నేల మా ఊరిదే" అని ప్రమాణం చేసే మోసం వాళ్ళు చిన్నప్పటి కథల్లో విన్నదే.

"జొవాలిన్!" అన్నాడు తాత, రాయి దించకుండానే.

జొవాలిన్ ముఖం కందగడ్డలా అయింది. "నీ కోసమే తాతా. ఊట మనదని చెప్తావు కదా, ఆ పాపం నీకు చుట్టుకోకూడదని..."

"ఊట మనదని చెప్తానని నీకెవడు చెప్పాడ్రా?"

నవ్వాలో తిట్టాలో నాకు తెలియలేదు. ఈ ప్రమాణాలన్నీ ముసలివాళ్ళ నాటకాలని ఊరూరా వెక్కిరించినవాడు ఈ జొవాలినే. అంత నమ్మకం లేనివాడు రాత్రికి రాత్రి మన్ను ఎందుకు తవ్వినట్టు? ఎంత కంపెనీ మనిషైనా వాడూ మా కొండవాడే.

తాత రెండో చెప్పు కూడా విదిలించేసి వట్టి కాళ్ళతో గులకరాళ్ళ ఏటవాలు ఎక్కాడు. ఆ రాళ్ళు మా మేకల గిట్టలనే కోస్తాయి. కాసేపటికి ఆయన అడుగు పడ్డచోటల్లా ఎర్రటి మరక కనిపించింది. ఒకచోట తూలాడు. నేను చెయ్యి చాచబోతే అత్త అల్లిక సూదితో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది.

"ముట్టుకున్నావంటే ఆయన కష్టమంతా బూడిదలో పోతుంది!"

ఆయన చూపించిన చోటల్లా సర్వేయరు మేకు దిగ్గొడుతూ వచ్చాడు. ఊట దగ్గరికి వచ్చాం. తాత ఊటకు ఇవతల ఆగి మేకు వేయించాడు. తరువాత నీళ్ళను దాటకుండా చుట్టూ తిరిగి అవతలి ఒడ్డుకు పోయి మళ్ళీ మేకు వేయించాడు.

"గట్టు అక్కడిదాకా వస్తుంది. ఇక్కడ మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో ఊటకు గట్టు లేదు. ఇది మనదా, బ్రెగాజ్ వాళ్ళదా అని మా నాయన్ని అడిగితే చెవి మెలేశాడు. దప్పికేసినవాడిదిరా, కొండ అవతలివాళ్ళకు కూడా భాగముంది అన్నాడు. ఇందులో అబద్ధముంటే ఈ రాయి పైలోకంలో కూడా నా భుజం దిగకూడదు."

సర్వేయరు పుస్తకంలోంచి తలెత్తాడు. "అయితే కంపెనీకి ఎవరెవరు ఒప్పుకోవాలి?"

"మేమూ, వాళ్ళూ, అవతలి దేశంవాళ్ళూ," అంది మా అత్త. "వెళ్ళి ఆ దేశాన్ని కూడా అడిగి రండి నాయనా, మాకేం తొందరలేదు."

కోష్తాన్ వాళ్ళు కూడా పగలబడి నవ్వారు. ఊట మాదే అనిపించుకోవాలని కొండెక్కినదాన్ని నేను. మాది కాదని విన్నాను. అయినా అంత గర్వం నా పెళ్ళిరోజున కూడా కలగలేదు. సొంత ఇంటికి నష్టమని తెలిసీ నెత్తురోడే కాళ్ళతో నిజం మోసినవాడు పుట్టిన కొండలివి. నేను వీటి కోడల్ని.

రాయి దించడానికి ముందుకు వచ్చింది జొవాలినే. తాత ఆ బరువు వాడి చేతుల్లో పెట్టి, "కిందపెట్టాక వెళ్ళి ఆ మన్ను ఏరుకురా. దాంట్లో ఉల్లిపాయలు బాగా ఊరతాయి," అన్నాడు.

అత్త ఊలు తెంపి మేజోడు ఆయన చేతిలో పడేసింది. "ఒకటే అయింది వుక్సన్. రెండోది అయ్యేదాకా మా ఇంట్లో కూర్చో. మీవాళ్ళు ఇవాళ నీకు అన్నం పెట్టేలా లేరు."

గొట్టాలు ఇప్పటికీ కింద రోడ్డు పక్కనే పడి ఉన్నాయి. ఎండ ముదిరితే మా మేకలు వాటిలో దూరి పడుకుంటాయి. కొండలెక్కడానికి వచ్చి మా ఇంట్లో దిగేవాళ్ళు ఈ ఊట ఎవరిదని నన్ను అడుగుతూ ఉంటారు.

"దప్పికేస్తోందా?" అంటాను నేను. అవునంటే, "అయితే నీదే, తాగు," అంటాను.