తుడిచినా పోని గుండ్రం

"పౌడరు పూసుకోని పోయినావు గదా, దానికే గుండ్రం గీసింటాది. యాడికీ పోబల్లేదు మే," అన్నాడు మొగుడు కొల్లప్ప, మూడోసారి. నిన్న మొదలైన వాదం రాగిముద్ద అయిపోయినా తెగలేదు.

"మిషన్‌కు మచ్చేదో మబ్బేదో తెలుస్తాదా?" అని అత్త సుబ్బలక్ష్మమ్మ వంత పాడింది.

ఓబక్క తలకు తుండు చుట్టి, పొడవు కర్ర వైపరు భుజాన వేసుకుని బయలుదేరింది.

వల్లూరులో ఒకప్పుడు ఆమె శెనక్కాయలు పెరికిన నేల మీదే ఇప్పుడు సోలార్ పలకలు. ఆరేళ్ళుగా వాటిని తుడవడమే పని. సూపర్‌వైజర్ నాగరాజ డ్రోన్ తీసిన ఫొటో చూపించాడు.

"ఏడో వరసలో వేడెక్కిన చోట్లు రెండుండాయి, ఓబక్కా. గుండ్రాలు చూడు."

మొదటిది పక్షి రెట్ట. తడిపి తుడిచింది. రెండోదాన్నీ అలాగే తుడిచింది. ఎండ ముదిరాక డ్రోన్ మళ్ళీ ఎగిరింది. ఒక గుండ్రం పోయింది, ఒకటి ఉంది. ఓబక్క వంగి చూస్తే అద్దం లోపల వెంట్రుకంత చీలిక.

నిన్న ఊరికొచ్చిన రొమ్ము క్యాన్సరు పరీక్షల క్యాంపు బండిలోనూ ఇంతే. రొమ్మును రెండు పలకల మధ్య రొట్టెలా అదిమి ఫొటో తీశారు. తెర మీద బూడిదరంగు బొమ్మ, దాని మీద కంప్యూటరు తానే గీసిన రెండు గుండ్రాలు. భయం కన్నా ముందు వింతగా అనిపించింది ఓబక్కకు.

"దానికెట్ల తెలిసిందమ్మా?"

"వేల బొమ్మలు చూపించి నేర్పించినారక్కా," అంది అక్కడి పిల్ల.

"పలకలు చూసి చూసి నాకూ అట్లే వచ్చిందిలే," అంది ఓబక్క.

ఆ పిల్ల తడిగుడ్డ ఇచ్చి, చంకలో పౌడరు తుడిపించి, మళ్ళీ ఫొటో తీసింది. ఒక గుండ్రం పోయింది. ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు.

సాయంత్రం అందరూ తింటుండగా, కూతురు సవితకు చారు పోస్తూ అంది:

"పౌడరు నిన్ననే తుడిచి చూసినారు. ఒకటి పోయింది, ఒకటి పోలే. గుండ్రం ఉంటే రోగమని కాదు, దగ్గరికి పోయి చూడల్లని. రేపు తుమకూరు పెద్దాసుపత్రికి పోతాండా. సూదేసి రవ్వంత ముక్క తీసి చూస్తారంట."

కొల్లప్ప చెయ్యి ముద్దలోనే ఆగింది. "మొదటి బస్సు ఏడుకు," అన్నాడు. "నేనూ వస్తా."

తెల్లవారి ఇద్దరూ బస్సెక్కే వేళకు, గోడకు ఆనించిన వైపరు కర్ర మీద, ఆరేళ్ళు అరచేతులు పట్టి నున్నబడిన చోట, ఎండ పడుతోంది.