చేతుల సాక్ష్యం

ఆ మంగళవారం పొద్దున యేసుదానం గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ అంగీ తొడుక్కుని, చర్చి వెనక గదికి బయలుదేరాడు. అదేదో కంపెనీ మెడికల్ పరీక్ష అనుకున్నాడు పాపం. గోదావరిఖనిలో వయసంతా బొగ్గుబాయి దిగినవాడికి ఒక గది, ఒక కుర్చీ, ఎదురుగా చదువుకున్న మనిషి కనిపిస్తే ఇంకేం తోస్తుంది? ఫిట్టా, అన్‌ఫిట్టా? బాయి మనుషుల జాతకమంతా ఈ రెండు మాటల్లోనే ఉంటుంది మరి.

అతను టింబర్‌మన్. బాయిలో పైకప్పు కూలకుండా దుంగలు, చెక్కలు నిలబెట్టే పని. ఆ పనిలో అతన్ని మించినవాడు లేడని షిఫ్టు షిఫ్టంతా ఒప్పుకునేది. రెండువేల ఆరు ఎండాకాలంలో కప్పు కూలింది. యేసుదానం, అతనితో పనిచేసే గట్టయ్య, మొగిలి ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. ఒక్క ఎముకా విరగలేదు. కానీ మళ్లీ డ్యూటీకి పోతే బాయి ముందర కాళ్లు కదలవు, చేతులు వణుకుతాయి, ఊపిరి ఆడదు. పోయిన ప్రతిసారీ వెనక్కి తిరిగొచ్చాడు. పైన ఏదైనా తేలిక పని ఇస్తామన్నారు ఆఫీసులో.

"చెట్లకు నీళ్లు పోసుడా నేను?" అని ఇంట్లో కంచం నెట్టేశాడు. పొగరున్న మనిషే, కాదనను. బాయి దిగలేకపోతే తను యేసుదానమే కాదని అతని లెక్క.

భార్య రెజీనా ఊరుకునే రకం కాదు. శాలిని గురించి చర్చిలో విన్నది. బెల్లంపల్లి బాయి కార్మికుడి బిడ్డ, హైదరాబాదులో చదువుకుని, మనసుకు తగిలిన దెబ్బను ఒంటి ద్వారా నయం చేసే వైద్యం నేర్చుకుని, చర్చి వెనక గదిలో చూస్తున్నది.

"నాకేమన్న పిచ్చి లేసిందా?" అని గయ్యిమన్నాడు యేసుదానం.

"పిచ్చోళ్లకు కాదయ్యా, ఒంట్ల కూసున్న భయానికట. పోతవా, పోయి చెట్లకు నీళ్లు పోస్తవా?" అన్నది రెజీనా. దాంతో యేసుదానం ఇస్త్రీ అంగీ వెతుక్కున్నాడు.

గదిలోకి పోగానే ఎవరూ అడక్కుండానే అంగీ విప్పి, రొమ్ము విరుచుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"అంగీ ఎందుకు ఇప్పిన్రు కాకా?" అన్నది శాలిని.

"మెడికల్‌ల ఇప్పాలె గద మేడం."

శాలినికి నవ్వొచ్చింది, ఆపుకున్నది. "ఇది మెడికల్ కాదు. ఇక్కడ సూది లేదు, గోలీ లేదు. అడగకుండ మిమ్ముల ముట్టుకోను. వద్దనిపిస్తె ఆపు అనుండ్రి, ఆపేస్త. ఆ దినం సంగతి గూడ ఇయ్యాల చెప్పుడు అక్కర్లేదు. ఒంట్ల ఏమైతుందో సూసుకుంట కూసుందాం, అంతే."

యేసుదానం అంగీ తొడుక్కున్నాడు గానీ గుండీలు పెట్టుకోలేదు. మళ్లీ విప్పమంటే జల్ది విప్పొచ్చని.

పాదాలు నేలకు ఆనించమన్నది. నేల తెలుస్తుందా అన్నది. "ఫిట్" అన్నాడు. వీపు? "ఫిట్." ఊపిరి? "అది గూడ ఫిట్." ఆ మాట ఊపిరి బిగబట్టే చెప్పాడు. మొహం కందగడ్డలా అయింది.

అంతలో రోడ్డు మీద లారీలోంచి ఇనుప రాడ్లు ధన్‌మని దించారు. యేసుదానం రెండు చేతులూ తల పైకి లేచిపోయాయి. అరచేతులు పైకి తిరిగి, మోచేతులు బిగుసుకుని, అక్కడే ఆగాయి. సిగ్గుతో చచ్చిపోయి గబుక్కున దించుకోబోయాడు.

"కష్టమనిపించకుంటె దించకుండ్రి కాకా."

"వణుకుతున్నయ్. ఇగ రాసుకో మేడం, అన్‌ఫిట్ అని."

"నేనేం రాసుకోను. వణకనియ్యుండ్రి. ఆ చేతులకు ఏం జెయ్యాలనున్నది?"

యేసుదానం గది కప్పు వైపు చూశాడు. "నూకాలనున్నది."

"అయితె నూకుండ్రి. గోడ ఉన్నది. మెల్లగ, మీకు చాలు అనిపించేదాక."

అరచేతులు గోడకు ఆనించి నెట్టాడు. భుజాల్లో వణుకు నడుములోకి, తొడల్లోకి దిగింది. శాలిని పక్కనే నిలబడి ఊపిరి వదలమన్నది. వదిలాడు. దాంతోపాటు మాట కూడా బయటికొచ్చింది.

"కప్పు పటపటమన్నది బిడ్డా. మీదున్న చెక్క జారింది. గిట్లనే ఎత్తి పట్టిన. ఉరుకుండ్రిరా అన్న. గట్టయ్య ఉరికిండు. మొగిలి ఉరికిండు. నేనెట్ల బయటవడ్డనో నాకే తెల్వది."

మేడం కాస్తా బిడ్డ అయిందని అతనికి తెలియనే లేదు. ఈ సంగతి రెజీనాకు కూడా చెప్పి ఉండలేదు. ప్రమాదం తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే, దేవుడు కప్పు పట్టుకున్నాడని చెప్పి కూర్చున్నాడు. దేవుడి మహిమలో నా గొప్ప ఏంటని తన చేతుల మాట మింగేశాడు.

"ముగ్గురు బయటవడ్డరని ఆ చేతులకు ఎవలు చెప్పలే కాకా. అవి ఇంకా డ్యూటీలనే ఉన్నయ్," అన్నది శాలిని.

యేసుదానం తన అరచేతులు చూసుకున్నాడు. చూసుకుని భోరుమన్నాడు. ఏడుపులోనే గర్వంతో మీసం తడుముకున్నాడు. పిరికిచేతులని ఇన్నాళ్లూ వాటిని తిట్టుకున్నాడు మరి.

"రేపే బాయి దిగుత అనకుండ్రి," అని హెచ్చరించింది శాలిని. "ఇయ్యాల అలసట వస్తది, కలలు రావచ్చు. ఒక వారం మంచిగుంటది, ఒక వారం మళ్ల వెనకకు పోతది. అయినా రావాలె."

ఆదివారం పాస్టరుగారిని అడిగి మళ్లీ సాక్ష్యానికి లేచాడు యేసుదానం. ఏం మాట్లాడతాడోనని ఆడవాళ్ల వైపు కూర్చున్న రెజీనా మెడ సాచి చూసింది.

"దేవుడు కప్పు పట్టిండని మొన్న చెప్పిన. ఎవల చేతులతోటి పట్టిండో చెప్పలే," అంటూ రెండు చేతులూ పైకెత్తాడు. అవి గడగడ వణుకుతున్నాయి. దాచుకోలేదు. "గీ చేతులతోటి. ఇంకా బాయి దిగలే. దిగుత. వణుక్కుంటనైన దిగుత."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది రెజీనాయే.